కార్మికుని ముదిమికి ఆసరా

ఒడలిలో సత్తువ యున్నంతకాలము కూలి వచ్చును. సత్తువ ఉడిగిన పిదప దిక్కేది? ఈ ప్రశ్నతో ముడిపడిన జీవితము గడ్డం వెంకటస్వామిగారిది. కార్మికోద్యమమున పనిచేసి, పూరిపాకలవారి పక్షమున నిలిచి వీరు ‘గుడిసెల వెంకటస్వామి’గా పేరొందిరి. 1957లో శాసనసభకు, 1967లో లోక్‌సభకు ఎన్నికైరి. నాటి కరీంనగరు జిల్లా బొగ్గుగనులసీమ చేరియున్న పెద్దపల్లి స్థానమున నాలుగుమారులు గెలిచిరి.

వీరు కేంద్ర కార్మికశాఖామంత్రిగా నుండగా, 1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకము అమలులోనికి వచ్చినది. విరమణనాడు ఒక్కసారిగా చేతికందు భవిష్యనిధి సొమ్ము పెండ్లిండ్లకో అప్పులకో కరగిపోవును. ఈ పథకమున, నిర్ణీత పరిమితికి లోబడి, యజమాని వాటానుండి వేతనములో నూటికి 8.33 వంతు పింఛనునిధికి చేరును. పదేండ్ల సేవ గలవారికి 58వ ఏటనుండి నెలనెలా పింఛను, వారి అనంతరము జీవితభాగస్వామికి కొంత లభించును. బొగ్గుగని కార్మికులకు వేరుగా 1998లో పథకము ఏర్పడినది.

వెంకటస్వామిగారు 2014లో కాలధర్మము నొందిరి. పింఛను చాలదను మొర నేటికిని వినుచున్నాము. అయినను అది దయగాక హక్కుగా అడుగబడుచున్నది.