మీకు తెలుసా? వానలో నాలుగు చక్రాల వింతలు

మిగతా చోట్ల వానలు తగ్గుముఖం పట్టే వేళకు నెల్లూరు తీరంలో అసలు వానలు మొదలవుతాయి! ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో కురుస్తుంది. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం దారుల్లో ఫోర్ బై ఫోర్ బళ్లు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో అడిగే ప్రశ్న ఒకటే: గేరు పక్కనున్న ఆ రెండో లివరు, ఆ గుండ్రటి మీట వానలో ఎటు తిప్పాలి? దాని వెంట పడితే ఎన్ని వింతలు దొరికాయో చూడండి!

★ నెల్లూరులో మంచు పడదు. అయినా ‘స్నో’ మీట పనికొస్తుంది! మారుతి గ్రాండ్ విటారా ఆల్ వీల్ డ్రైవ్ బండిలో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని నాలుగు రకాలుంటాయి. స్నోలో పెడితే యాక్సిలరేటర్ మీద కాలు కాస్త గట్టిగా పడినా ఇంజను బలం మెత్తగానే వస్తుంది, చక్రం గిర్రున తిరిగి జారిపోదు. మామూలు వానకు తారు రోడ్డు మీద ఆటో చాలు. జిగురు మట్టి పరుచుకున్న రోడ్డు వస్తే స్నో. బురదలో దిగబడితే, బయటపడేదాకా మాత్రమే లాక్!

★ రోడ్డును మీ కారు తాకే చోటు మొత్తం కలిపినా ఒక ఏ4 కాగితమంత కూడా ఉండదు! 1,200 కిలోల కారుకు చక్రానికి 300 కిలోలు పడతాయి, టైర్లో 32 పాయింట్ల గాలి ఉంటే ఒక్కో టైరు నేలను తాకేది సుమారు 133 చదరపు సెంటీమీటర్లే. ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు, నాలుగు టైర్లవీ కలిపి సుమారు 530. మీరు, మీ ఇంటిల్లిపాదీ, వెనకాల సామాన్లూ అన్నీ ఆ కాస్త జాగా మీదే!

★ బిందె నీళ్లు ఖాళీ చేయడానికి మీకెంతసేపు పడుతుంది? టైరుకు ఒక్క సెకను! రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉండగా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 20 సెంటీమీటర్ల వెడల్పున్న టైరు సెకనుకు 13 లీటర్లకు పైగా నీటిని పక్కకు తోసెయ్యాలి. ఆ నీరు పోయే దారులే టైరు మీది గాళ్లు. అవి అరిగిపోయిన గుండు టైరుకు నీటిని పంపడానికి దారే ఉండదు.

★ కారు నీటి మీద ఏ వేగంలో తేలిపోతుందో చెప్పే సూత్రంలో కారు బరువే లేదు! అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హార్న్ బృందం విమానాల టైర్ల కోసం ఈ సూత్రం కనిపెట్టి 1963లో ప్రకటించింది. అందులో ఉన్నది టైర్లోని గాలి ఒక్కటే. కారు టైర్లకు ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా అంకెలు చూడండి: 32 పాయింట్ల గాలి ఉంటే గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర, 25కు దిగితే 83 దగ్గర, 16 మాత్రమే ఉంటే 67 దగ్గరే టైరు నీటిపైకి లేచిపోతుంది! ఇసుకలో దిగబడి గాలి తగ్గించుకున్న బండిని మళ్లీ గాలి పట్టించకుండా వానలో హైవే ఎక్కించడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది. నీటిపైకి లేచిన టైరుకు ఇంజను బలం అందినా ఒకటే, అందకపోయినా ఒకటే.

★ కదిలించడానికి ఫోర్ వీల్ డ్రైవ్ గొప్పది, ఆపడానికి మాత్రం అది ఏ కారుకైనా సమానమే! ఎందుకంటే చిన్న ఆల్టోకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే, పొడి తారు మీద పట్టు (ఘర్షణ గుణకం) 0.7 అనుకుంటే బండి సుమారు 36 మీటర్లలో ఆగుతుంది. తడికి ఆ పట్టు 0.4కు పడిపోతే 63 మీటర్లు కావాలి. మీట ఎటు తిప్పినా ఆ 27 మీటర్లు తగ్గవు. నన్నడిగితే ప్రతి ఫోర్ బై ఫోర్ బండి అద్దం మీద రాసి పెట్టుకోవలసిన మాట ఇదే!

★ థార్, జిమ్నీ లాంటి బళ్లను ఫోర్ హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం అందే మీటలో) ఉంచి మంచి తారు రోడ్డు మీద యూటర్న్ కొడితే బండి బిగుసుకుపోతుంది! మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి, ఈ బళ్లలో ఫోర్ హెచ్ వేయగానే ముందు చక్రాలు, వెనక చక్రాలు రెండూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. అందుకని పట్టున్న రోడ్డు మీద టూ హెచ్ (రెండు చక్రాలకే బలం) చాలు, మట్టిరోడ్డు, బురద, ఇసుక వస్తే ఫోర్ హెచ్. మరి ఫోర్ ఎల్? అందులో లాగే బలం రెండింతలు దాటుతుంది, వేగం అంతకంత తగ్గుతుంది. దిగబడ్డ బండిని పాకిస్తూ బయటకు లాగడానికే అది!

★ నెల్లూరు తీరంలో నీళ్లు నిలవకుండానే జారే రోడ్లున్నాయి! కోవూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పొలం దున్ని రోడ్డెక్కిన ట్రాక్టరు వెనకాల చూడండి: చక్రాల గాళ్లలోంచి నల్లటి బంకమట్టి ముద్దలు ముద్దలుగా రాలి, తారు మీద చారలుగా అతుక్కుంటుంది. ఎండకు పెచ్చులు కడుతుంది, ఆ తర్వాత చినుకులు పడ్డాయంటే చాలు, పలచటి జిగురు పొరగా మారుతుంది. జోరువానకంటే మొదటి పది నిమిషాల తుంపరకే ఎక్కువ భయపడాలి. జోరువాన కడిగేస్తుంది, తుంపర నానబెట్టి వదిలేస్తుంది!

★ నాలుగు చక్రాలకూ బలం అందే పెట్రోలు కారూ, అద్దం తుడిచే వైపరు పేటెంటూ ఒకే ఏడు వచ్చాయి! 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ వైపరుకు పేటెంటు పొందారు. ఆ ఏడు డిసెంబరులోనే హాలండ్‌కు చెందిన స్పైకర్ కంపెనీ నాలుగు చక్రాలకూ బలం అందే తన కారును పారిస్‌లో ప్రదర్శించింది.

★ నాలుగు టైర్లలో ఒక్కటే కొత్తది వేసినా ఆల్ వీల్ డ్రైవ్ గుర్తుపడుతుంది! టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం లోపే ఉండాలని జపాన్ కంపెనీ సుబారు చెబుతుంది. లెక్క వేస్తే, అది ఒక్క మిల్లీమీటరు అరుగుదల! పరిమాణం తేడా ఉన్న టైరు వేరే వేగంతో తిరుగుతుంది, ఆ తేడాను లోపలి గేర్లు, క్లచ్చులు రోజంతా మోయాలి.

★ టన్ను బరువున్న కారు మోకాలు కూడా దాటని నీటిలో తేలుతుంది! నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పున్న కారు అడుగుభాగం నేలకు 18 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, నీరు అక్కడికి చేరాక ఇంకో 15 సెంటీమీటర్లు పెరిగితే చాలు, అది టన్ను నీటిని పక్కకు నెట్టి లేవడం మొదలుపెడుతుంది. 65 సెంటీమీటర్ల నీటిలో దిగవచ్చని థార్‌కు కంపెనీ ఇచ్చిన అంకె నిలకడ నీటికే, పారే వాగుకు కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారే కోతకు గురైంది, పక్కనే రైలు పట్టాల కింది కట్టా కొట్టుకుపోయింది. రహదారినే కోసే నీరు చప్టా మీద పారుతుంటే, ఆ నీటి కింద అసలు చప్టా ఉందో లేదో మీకెలా తెలుస్తుంది? అక్కడ సరైన సెట్టింగు ఒక్కటే: రివర్స్ గేరు!

★ వాడకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ పాడవుతుంది! నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడపమని టయోటా తన కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల పుస్తకాల్లో రాసింది, లోపలి భాగాలకు ఆయిలు అందాలంటే అవి తిరగాలి మరి. ఉప్పుగాలి తగిలే మన తీరంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మీ బండి ఏ రకమో దాని పుస్తకంలో చూసుకోండి, మట్టిరోడ్డు మీద ఆ లివరు ఒకసారి వేసి చూడండి, నాలుగు టైర్లకూ గాలి పట్టించండి. ఇదంతా అక్టోబరు మొదటి వాయుగుండానికి ముందే అయిపోవాలి సుమా!