రైలు ఆగదు.. మ్యాచ్ ఆగదు!

ఆట 75వ నిమిషం. స్కోరు 1-1. మావాడు మునివేళ్ల మీద నిలబడి మైదానం వైపు చూస్తున్నాడు. నేను మాత్రం చేతి గడియారం చూసుకుంటున్నాను.

‘‘నాన్నా, ఇంకో అయిదు నిమిషాలు.. ప్లీజ్!’’ అన్నాడు.

ఆ అయిదు నిమిషాలు ఇస్తే కింగ్స్ క్రాస్ స్టేషన్లో మా చివరి రైలు వెళ్లిపోతుంది. లండన్‌లో ఆ రాత్రికి గది తీసుకోవాలంటే వంద పౌండ్ల పైమాటే. వాడి భుజం మీద చెయ్యి వేసి బయటకు నడిపించాను. ట్యూబ్ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి పెద్ద కేక వినిపించింది. ఎవరిది గోలో అర్థం కాలేదు. ఫోన్ తీసి చూసిన పదమూడేళ్ల పిల్లాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోల్ కొట్టింది మా జట్టే. మ్యాచ్ గెలిచింది కూడా మా జట్టే. అంత దూరం వెళ్లి, ఆ ఒక్క క్షణాన్ని మేం చూడలేకపోయాం.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ జట్టు వెంట ఊరూరా తిరిగేవాళ్లలో ఇలాంటి కథ లేనివారు అరుదు. ఇప్పుడిప్పుడే ఆ బాట పడుతున్న మన తెలుగు కుటుంబాల కోసం మా అనుభవం రాస్తున్నాను.

కాజీపేట నుంచి న్యూకాసిల్‌కు

నేను పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. మా నాన్న గార్డుగా చేసి రిటైరయ్యారు. రైలు కూత వింటూ నిద్రపోయిన ఇల్లు మాది. ఆట అంటే క్రికెట్టే. తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగరీత్యా న్యూకాసిల్ వచ్చాక, ఈ ఊరికి ఫుట్‌బాల్ ఒక ఆట కాదు, ఇంటిపేరు అని అర్థమైంది. సెంట్రల్ స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే సెయింట్ జేమ్స్ పార్క్ స్టేడియం. 52 వేల మంది పట్టే ఆ స్టేడియం ఊరి నడిబొడ్డున కొండంత ఎత్తున కనిపిస్తుంది. బడిలో చేరిన మొదటి ఏడాదే మావాడు నలుపు తెలుపు చారల చొక్కా కావాలన్నాడు. అంతే, మేమూ ఊరివాళ్లమైపోయాం.

సొంత ఊళ్లో మ్యాచ్‌కు నడిచి వెళ్లొచ్చు. అసలు పరీక్ష ‘అవే’ మ్యాచ్‌లతోనే. అంటే మన జట్టు వేరే ఊరు వెళ్లి ఆడే ఆటలు. ప్రీమియర్ లీగ్‌లో బయటి జట్టు అభిమానులకు 3,000 సీట్లు, లేదా స్టేడియం సామర్థ్యంలో పది శాతం.. వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. ఆ కాసిన్ని టికెట్లూ చాలా క్లబ్బులు పాయింట్లను బట్టి పంచుతాయి. ఎన్ని మ్యాచ్‌లకు వెళితే అన్ని పాయింట్లు. అందుకే దూరమని ఒకటి మానుకుంటే, దగ్గరి మ్యాచ్‌కు టికెట్ అడిగే వరుసలో వెనకబడిపోతాం. మాకు మొదట దారి తెరిచింది ఎఫ్ఏ కప్. అందులో బయటి జట్టుకు 15 శాతం వరకు సీట్లుంటాయి.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. అభిమానుల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాక, 2016-17 సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో అవే టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదన్న పరిమితి వచ్చింది. కానీ ఆ పరిమితి స్టేడియం గేటు దగ్గరే ఆగిపోతుంది. దారికి ఏ పరిమితీ లేదు.

ఆట ఎప్పుడో చెప్పరు.. టికెట్ ముందే కొనమంటారు

ఈ దేశంలో రైలు టికెట్ చవగ్గా దొరకాలంటే ‘అడ్వాన్స్’ టికెట్ కొనాలి. సాధారణంగా 12 వారాల ముందు నుంచి అమ్ముతారు. ముందు కొన్నవాడికి తక్కువ, ఆలస్యం చేసినవాడికి ఎక్కువ. కానీ ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. రైలు తప్పితే టికెట్ చిత్తుకాగితమే.

మ్యాచ్‌ల షెడ్యూలు జూన్‌లోనే వస్తుంది కదా అనుకుంటాం. అది వట్టి ముసాయిదా. టీవీ సంస్థలు తమకు కావలసిన మ్యాచ్‌లు ఎంచుకున్నాకే అసలు రోజు, అసలు సమయం తేలుతుంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చేయరు. జనం స్టేడియాలకు రావడం మానేస్తారన్న భయంతో 1960ల్లో పెట్టుకున్న కట్టుబాటు ఇది. కాబట్టి టీవీకి ఎంపికైన ప్రతి మ్యాచ్‌నూ మూడు గంటల వేళ నుంచి కదిలించాల్సిందే. శనివారం పన్నెండున్నర, సాయంత్రం అయిదున్నర, ఆదివారం, శుక్రవారం రాత్రి, సోమవారం రాత్రి ఎనిమిది.. ఇలా ఎటైనా జరుగుతుంది. 2025-26 నుంచి నాలుగేళ్లకు కుదిరిన 670 కోట్ల పౌండ్ల ఒప్పందం ప్రకారం, సీజన్‌లోని 380 మ్యాచ్‌లలో కనీసం 267 టీవీలో ప్రత్యక్షంగా వస్తాయి. అంటే పదింట ఏడు ఆటలు ఇంట్లో కూర్చుని చూసేవారి వీలును బట్టి సాగుతాయన్నమాట.

మన దగ్గరా 60 రోజుల ముందు రిజర్వేషన్ చేయించుకుంటాం. వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ, తత్కాల్ కష్టాలు మనకు కొత్త కాదు. కానీ పెళ్లి ముహూర్తానికి టికెట్లు కొన్నాక, వీడియో తీసేవాడి వీలు కోసం ముహూర్తం మార్చితే ఎలా ఉంటుంది? ఇక్కడ అభిమాని పరిస్థితి అదే.

మేం శనివారం మూడు గంటల మ్యాచ్ అనుకుని రానూ పోనూ ఇద్దరికీ 110 పౌండ్లు పెట్టి కొన్నాం. తర్వాత అది సాయంత్రం అయిదున్నరకు జరిగింది. తిరుగు టికెట్లు మార్చడానికి మనిషికి 10 పౌండ్ల రుసుము, ఆపైన ఛార్జీలో తేడా.. మొత్తం 64 పౌండ్లు వదిలాయి. అప్పటికీ మిగిలింది ఆ రోజు చివరి రైలే. అదీ 75వ నిమిషంలో లేచి వస్తేనే!

పీటర్‌బరో దగ్గర గంటా పావు

ఆ రాత్రి కష్టం అంతటితో తీరలేదు. పీటర్‌బరో దాటామో లేదో రైలు ఆగిపోయింది. సిగ్నల్ లోపమన్నారు. సీట్లన్నీ నిండి, తలుపుల దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఇక్కడ సీటు లేకపోయినా చాలా రకాల టికెట్లతో రైలెక్కొచ్చు. అందువల్ల మ్యాచ్ రోజుల్లో బోగీ మన జనరల్ కంపార్ట్‌మెంట్‌ను తలపిస్తుంది.

మా ఎదుట డెబ్బై ఏళ్ల పెద్దాయన కూర్చున్నాడు. ఆయన కూడా మాలాగే ఆట మధ్యలో లేచి వచ్చినవాడే. మావాడి మొహం చూసి సంగతి గ్రహించాడు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచి ఇస్తే, కాస్త తిని, కారానికి ముక్కు తుడుచుకుంటూ తన చిన్ననాటి ముచ్చట్లు చెప్పాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అభిమానుల కోసం ప్రత్యేక రైళ్లు వేసేవారట. పాతబడిన బోగీలు, పగిలిన కిటికీలు, చలి.. సుఖమేమీ లేదన్నాడు. ‘‘కానీ ఆట అయ్యాకే ఆ రైలు కదిలేది’’ అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అసలు ఈ దేశంలో ఫుట్‌బాల్ లీగ్ పుట్టిందే రైలు వల్ల. 1888లో లాంకషైర్, మిడ్‌లాండ్స్ ప్రాంతాల 12 క్లబ్బులు కలిసి లీగ్ మొదలుపెట్టాయంటే, శనివారం మధ్యాహ్నానికి వేరే ఊరు చేరగలిగే రైళ్లు ఉండబట్టే. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టుగానే పుట్టింది. మేం ఇల్లు చేరడానికి దాటే డార్లింగ్టన్ మీదుగానే 1825లో స్టాక్టన్-డార్లింగ్టన్ రైలు నడిచింది. అంత చరిత్ర ఉన్న రెండూ ఇప్పుడు ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం మానేశాయి. మ్యాచ్ వేళ నిర్ణయించేవారు చివరి రైలు ఎప్పుడో చూడరు. రైలు నడిపేవారు మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో చూడరు. ఆ రెంటి మధ్య నలిగేది అభిమానే.

గంటా పావు ఆలస్యంగా, అర్ధరాత్రి దాటాక న్యూకాసిల్ చేరాం. మెట్రో రైళ్లు అయిపోయాయి. టాక్సీకి 22 పౌండ్లు. మూడు వారాలకు తిరుగు ప్రయాణం ఛార్జీ వెనక్కి వచ్చింది, కాదనను. పోయిన ఆ పావుగంట ఆటను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మర్నాడు కాజీపేటకు ఫోన్ చేస్తే మా నాన్న నవ్వారు. ‘‘ఇంగ్లండ్‌ల గూడ రైలు లేటేనారా? నేను మన దగ్గరనే అనుకున్న’’ అన్నారు. తర్వాత కాసేపు ఆగి, ‘‘పిలగాడు ఎట్లున్నడు?’’ అని అడిగారు.

ఆదివారం ఒక కథ.. సోమవారం ఒక కథ

శనివారమే నయం. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుంటారు. సగం దారి రైలు, సగం దారి బదులు బస్సు. సోమవారం రాత్రి ఎనిమిదికి లండన్‌లో మ్యాచ్ అంటే, ఆట పూర్తిగా చూసి ఉత్తరాదికి అందుకోగలిగే రైలే ఉండదు. మర్నాడు పిల్లలకు బడి, మనకు ఆఫీసు. డిసెంబరు 26 ఇక్కడ ఫుట్‌బాల్‌కు సంప్రదాయంగా పెద్ద రోజు. ఆ రోజు దేశంలో చాలా మార్గాల్లో రైళ్లే నడవవు. ఇక బోర్న్‌మౌత్ ప్రయాణం సరేసరి. లండన్‌లో స్టేషన్ మారుతూ ఒక వైపుకే ఆరు గంటల పైన.

ఇంత కష్టపడి ఎందుకు వెళ్లడం అని మా ఆవిడే అడుగుతుంది. నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఇంట్లో మావాడి మాటలు ‘ఊఁ’, ‘సరే’ దాటవు. రైల్లో మూడు గంటలు ఎదురెదురుగా కూర్చుంటే బడి సంగతులు, స్నేహితుల గొడవలు, భయాలు అన్నీ చెబుతాడు. కాజీపేట కథలు అడుగుతాడు. మూడు వేల మంది న్యూకాసిల్ వాళ్ల మధ్య నిలబడ్డప్పుడు వాణ్ని ‘మీదే ఊరు’ అని ఎవరూ అడగరు.

వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సినవి

టీవీ ఎంపికలు వెలువడే దాకా అడ్వాన్స్ టికెట్ కొనకండి. ముందే కొనక తప్పకపోతే, మ్యాచ్ సమయం మారితే ఏం చేస్తారో ఆ సంస్థ నిబంధనల్లో చదవండి. మ్యాచ్ టికెట్ తీసుకునే ముందే చివరి రైలు సమయం చూసుకోండి. పిల్లలతో వెళితే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డుతో పెద్దలకు మూడో వంతు, పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. రైలు ఆలస్యమైతే ‘డిలే రీపే’ కింద తప్పకుండా దరఖాస్తు చేయండి. చాలా సంస్థలు పావుగంట ఆలస్యానికే కొంత ఇస్తాయి. ఫోన్ ఛార్జర్, నీళ్లు, తిండి వెంట ఉంచుకోండి. కొన్ని మ్యాచ్ రోజుల్లో రైళ్లలో మద్యం నిషేధిస్తారు. పిల్లలున్నవారికి అవే కాస్త ప్రశాంతం.

వచ్చే నెల మళ్లీ ఒక ప్రయాణం ఉంది. ఈసారి ముందు రైళ్ల సమయాలు చూసింది మావాడే. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. అడుగున పెద్ద అక్షరాలతో ‘90 నిమిషాలు’ అని రాసి, గీత గీశాడు. చివరి విజిల్ దాకా కూర్చుందామని మాటిచ్చాను. రైలు అందకపోతే ఏం చేస్తామో ఇంకా తేల్చుకోలేదు.