తొలి కెమెరా కొనువారికి

హైదరాబాదు కోఠీలో, గుజరాతీ గల్లీలోని ఒక కెమెరా అంగడి ముందు నిలిచిన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని ఒకరిని ఊహించుకొనవచ్చును. ఆయన చేతిసంచిలో నలువది వేల రూపాయలు కలవు. అవి రెండు సంవత్సరములు కూడబెట్టినవి. ఇంటిలో ఎనుబది యేండ్లు దాటిన తల్లి ఉన్నది. తండ్రి పోయినప్పుడు పటము కట్టించుటకై వెదకగా, ఎవరి పెండ్లిలోనో తీసిన గుంపు ఫొటోనుండి ముఖమును కత్తిరించి పెద్దది చేయింపవలసి వచ్చినది. ఆ పటములో కన్నులు కానరావు. తల్లి విషయమున అట్లు జరుగరాదని ఆయన కోరిక. బడి వార్షికోత్సవము, పొలముగట్టున వాలు కొంగలు, ఇవన్నియు తరువాతి మాట. ఫొటోలు తీయుట ఆయనకు వృత్తి కాదు, కాబోదు. అట్టివాడు తొలి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాను దేనిని చూచి ఎన్నుకొనవలెను?

అంగడివాడు మొదట వినిపించునది మెగాపిక్సెళ్ల లెక్క. 24 మెగాపిక్సెళ్లనగా అడ్డముగా 6000, నిలువుగా 4000 చుక్కలు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేసినను 20 అంగుళముల వెడల్పు పటము వచ్చును. గోడకు తగిలించుకొనువారికి ఇంతకు మించి అక్కర ఏమి? 1999లో నికాన్ సంస్థ వెలువరించిన డి1 కెమెరాకు నిండ మూడు మెగాపిక్సెళ్లు లేవు. పత్రికల ఛాయాగ్రాహకులు దానినే మెడను వ్రేలాడదీసికొని తిరిగిరి. రెండవ ఊరింపు వేగము. సెకనుకు ఐదు ఫొటోలు తీయునని చెప్పుదురు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు గాజుపలకలపై ఒక్కొక్క పలకకు ఒక్కొక్క పటమే తీసినాడు. కూర్చున్న తల్లి ముఖమునకు సెకనుకు ఐదెందుకు?

చూడవలసినది చుక్కల సంఖ్య కాదు, అవి పరచుకొనిన ఫలకము. సాధారణమైన ఫోనులో వెలుతురును గ్రహించు ఫలకము చిటికెనవ్రేలి గోటికి మించదు. ప్రారంభశ్రేణి ఎస్.ఎల్.ఆర్.లో అది సుమారు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు కలిగియుండును. ఇంటిలోని మసక వెలుతురులో ముఖము గరుకుతేలకుండుటకు ఈ వైశాల్యమే ఆధారము. ఆ ఫలకమునకు ముందు ఒక అద్దము ఏటవాలుగా నిలిచి, లెన్సుగుండ వచ్చిన వెలుతురును పైకి మరల్చి కంటికి చేర్చును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, తెర తెరచుకొనును, మరల అద్దము దిగును. పూర్వపు ఫిలిము కెమెరాలు పెక్కింటిలో ఫిలిము త్రిప్పువరకు అద్దము దిగెడిది కాదు. ఫొటో తీసినవానికి అంతవరకు కంటిముందు చీకటియే.

నేడీ అద్దమునకే కాలము చెల్లుచున్నదనుట నిజము. 2018లో కెనన్, నికాన్ సంస్థలు రెండును అద్దము లేని పెద్దఫలకపు కెమెరాలను వెలువరించినవి. అప్పటినుండి వాని శ్రద్ధ అటు మరలినది. అదే యేట వచ్చిన నికాన్ డి3500 తయారు ఇప్పటికే ఆగిపోయినది. అయినను మన ఉపాధ్యాయునికి ఇది నష్టము కాదు, లాభము. క్రొత్తదానికి మారినవారు పాతవానిని అమ్మివేయుచున్నారు. నికాన్ లెన్సుబిగింపు 1959 నాటిది, కెనన్ బిగింపు 1987 నాటిది. వానికి సరిపోవు లెన్సులు సంతలో కొల్లలుగా ఉన్నవి. బ్యాటరీ ఒకమారు నింపిన డి3500 కెమెరా 1550 ఫొటోలు తీయునని ప్రమాణపరీక్షలో తేలినది. అద్దము లేని కెమెరాలలో చిన్నతెర ఎల్లప్పుడును వెలుగుచుండవలెను గనుక అంతకాలము నిలుచునవి అరుదు.

ఇక అసలు విషయము లెన్సు. పెట్టెలో కెమెరాతోపాటు వచ్చునది 18 నుండి 55 మిల్లీమీటర్ల లెన్సు. దానిని ముఖము తీయుటకు తగినట్లు చివరకు లాగినప్పుడు దాని ద్వారము 5.6కు మించి తెరచుకొనదు. ఈ సంఖ్య తగ్గినకొలది ద్వారము పెద్దదగును. వెలుతురు సంఖ్యల నిష్పత్తి వర్గమును బట్టి పెరుగును. 5.6ను 1.8చే భాగించి వర్గము చేసినచో ఇంచుమించు పది వచ్చును. పెట్టెలోని లెన్సుతో 1/12 సెకను తెర తెరచియుంచవలసినచోట, 1.8 ద్వారము గల లెన్సుతో సుమారు 1/120 సెకను చాలును. మొదటిదానిలో వృద్ధురాలు తల కొంచెము కదల్చినను ముఖము చెదరును. రెండవదానిలో చెదరదు. పదివ తరగతి పిల్లలు కూడ చేయగల ఈ లెక్క అంగడిలో ఎవరును చెప్పరు.

కావున కెమెరా పాతదైనను సరే, 1.8 లెన్సు ఒకటి కొనవలెను. అయితే 50 కొనుటయా, 35 కొనుటయా అనునది ఇంటిని బట్టి తేలవలెను. ఈ చిన్నఫలకముపై 50 మిల్లీమీటర్ల లెన్సు 75 లేక 80 మిల్లీమీటర్లవలె దృశ్యమును దగ్గరకు లాగును. వసారాలో, పెరటిలో ముఖమునకు అది మేలైనది. పది అడుగుల గదిలో మాత్రము తీయువాని వీపు గోడకు తగులును; అట్టివారికి 35 మేలు. ఇంకొక చిక్కు కలదు. నికాన్ మూడువేల, ఐదువేల వరుసల కెమెరాలలో లెన్సును త్రిప్పు మోటారు లేదు. చౌకగా దొరకుచున్నదని పాత డి రకపు లెన్సు కొన్నచో స్పష్టతను చేతితో సరిచేసికొనవలసినదే. కెనన్ ఇ.ఎఫ్. లెన్సులన్నిటికిని మోటారు లోపలనే ఉన్నది. కొంగలకు కావలసిన పొడవైన లెన్సు ఇప్పుడు వలదు.

పాత కెమెరా కొనువారు తెర ఎన్నిమారులు తెరచుకొనినదో అడుగవలెను. నికాన్ సంస్థ ప్రారంభశ్రేణి తెరలను లక్షమారులు పరీక్షించును. ద్వారమును 16కు తగ్గించి తెల్లనిగోడను తీసినచో ఫలకముపై మచ్చలు బయటపడును. గోడకు వార్తాపత్రిక అంటించి తీసి, వత్తులు, సున్నలు స్పష్టముగా వచ్చినవో లేవో చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా లెన్సులోనికి టార్చిలైటు వేసి చూడవలెను. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. ఎంత చౌకయైనను ముట్టరాదు. సముద్రతీర జిల్లాలలో వానకాలపు చెమ్మకు క్రొత్తలెన్సు కూడ బూజు పట్టును. తోలుసంచిలో పెట్టి బీరువాలో దాచుట ప్రమాదము. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచవలెను. సిలికా జెల్ లేక కెమెరాను బియ్యములో పెట్టువారు కలరు. ఆ పిండి కెమెరాకు మంచిది కాదు.

ఇట్లు కొన్నచో ఆయన సంచిలో మెమరీ కార్డునకు, రెండవ బ్యాటరీకి, మంచి కాగితముపై ఒక పెద్ద పటము అచ్చు వేయించుటకు సొమ్ము మిగులవచ్చును. పండుగవరకు ఆగనక్కరలేదు. ఉదయము ఎనిమిది గంటలకు నీడ పడిన అరుగుపై తల్లి చిక్కుడుకాయలు ఒలుచుచుండగా, ఆకాశపు వెలుతురు ముఖమున నిండుగా పడుచుండును. స్పష్టత దగ్గరికన్నుపై నిలుపవలెను. ఫొటో అనగానే ఆమె పట్టుచీర కట్టుకొనుటకై లోనికి పోవును. తిరిగివచ్చువరకు ద్వారమును, తెరవేగమును సరిచూచుకొనవచ్చును.