కారు వెంట నడచు ఇల్లు - సామాను సర్దుట

చిక్కడపల్లి, నారాయణగూడ వీథులలో కూతురో కోడలో అమెరికాలో కాపురము చేయుచున్న యిండ్లు నేడు పెక్కు. ఆ పిల్లలు సెలవులు రాగానే పరుపులును, వంటపొయ్యియు, నీటితొట్టియు గల చక్రముల యింటినొకదానిని కారు వెనుక తగిలించుకొని దేశాటనము చేయుచుందురు. దానిని ట్రావెల్ ట్రైలరు అందురు. మనము కోఠిలో కొని పంపిన పాత్రలును, బియ్యపు మూటయు అందులో నెచ్చట నుంచవలయునో నిర్ణయించునది తఱచుగా ఇల్లాలే. ఆ నిర్ణయముపై బిడ్డల ప్రాణములు ఆధారపడి యుండునని యెందఱెఱుగుదురు?

హైదరాబాదులో జట్కాలు తిరిగిన కాలమున బండివాడు గుఱ్ఱమును అదలింపక ముందే "అమ్మా, కాస్త ముందుకు జరగండి" అనెడివాడు. అందఱును వెనుక గూర్చుండిన నొగలు పైకి లేచును. అందఱును ముందునకు వచ్చిన భారమంతయు గుఱ్ఱపు వీపున బడును. ట్రైలరునకును అదే న్యాయము. దాని మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కారు కొక్కెముపై ఆనవలయును. సామానుతో 2,000 కిలోలు తూగు బండికి 200 నుండి 300 కిలోలన్నమాట. కావున బరువైన వస్తువులను నేలమట్టముగా, ఇరుసునకు కొంచెము ముందుగా నుంచవలయును. ఇరుసునకు 3 మీటర్ల వెనుకనున్న అరలో 50 కిలోల బియ్యము పెట్టితిమనుకొనుడు; కొక్కెము ఇరుసునకు 5 మీటర్ల ముందున్నచో అచ్చట 30 కిలోల భారము తగ్గిపోవును. నీటిని మఱచిపోరాదు. లీటరు నీరు ఒక కిలో. 150 లీటర్ల తొట్టిని నింపుట యిద్దఱు మనుష్యుల నెక్కించుటతో సమానము. ఆ తొట్టి ఇరుసునకు ముందున్నదో వెనుకనున్నదో చూచుకొనవలయును.

ముందు తేలికయై వెనుక బరువైన బండి, ప్రక్కనుండి పోవు పెద్దలారీ గాలి తాకగానే అటునిటు ఊగ మొదలిడును. వేగము హెచ్చుగా నున్నచో ఆ ఊపు అణగక పెరుగును, పల్లమున మఱింత. తుదకు కారునే త్రిప్పి పడవేయును. అట్టి యెడ కారు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు, వేగము పెంచరాదు. స్టీరింగును తిన్నగా బట్టి, యాక్సిలరేటరు మీదనుండి కాలు తీసి, ట్రైలరు బ్రేకును మాత్రము చేతితో మెల్లగా వేయవలయును. కాలిఫోర్నియాలో ట్రైలరును లాగు వాహనము గంటకు 55 మైళ్లు మించరాదని చట్టమే కలదు.

అంగళ్లలో రెండు సాధనము లమ్ముదురు. కొక్కెముపై భారమునకు కారు వెనుక క్రుంగిన ముందు చక్రములకు నేలపై పట్టు తగ్గును. స్ప్రింగు కడ్డీలు గల కొక్కెము ఆ భారమును కొంత కారు ముందు చక్రములకును, కొంత ట్రైలరు చక్రములకును పంచును. రెండవది రాపిడిచే ఊపును అణచునది. రెండును మంచివే. కాని సామానును వెనుక కుక్కి వీనిని నమ్ముకొనుట, ఉప్పెక్కువైన పులుసులో బెల్లము వేయుట వంటిదని మా యభిప్రాయము. మావారు మాత్రము ముందుగా వీనినే కొనుమందురు. పురుషులకు ఇనుప సామానుపై మమకారము మెండు.

బయలుదేరుటకు ముందు బండిని కాటాపై తూచి, కొక్కెముపై బరువును వేఱుగా తూచుకొనవలయును. త్రోవలో తొట్టి ఖాళీయైనప్పుడును, తిరుగు ప్రయాణమున క్రొత్త సామాను చేరినప్పుడును లెక్క మాఱును. అప్పుడు మూటలను మరల సర్దవలయును.