అలిఫ్ విడిగా ఎందుకు నిలుస్తుంది?

ఉప్పల్‌లోని మా మద్రసా వార్షిక సభ కోసం నాచారంలో ఒక ఫ్లెక్సీ వేయించాము. పైన బిస్మిల్లాహ్ ఉండాలన్నాము. దానిని వేదికకు కట్టి రెండు గంటలైనా ఎవరూ ఏమీ అనలేదు. అందంగా ఉందని మెచ్చుకున్నవారూ ఉన్నారు. చివరకు ఖాయిదా చదివే ఎనిమిదేళ్ల పాప అడిగింది: "ఉస్తాద్, ఈ అక్షరాలు ఎందుకు కలవలేదు?"

నిజమే. అరబీని కలిపి రాయడమెరుగని సాఫ్ట్‌వేర్ అక్షరాలను విడదీసి, ఎడమ నుంచి కుడికి పేర్చింది. అచ్చువేసిన కుర్రవాడికి అరబీ రాదు. సరిచూడనిది మేమే.

అరబీలో 28 అక్షరాలు. వాటిలో 22 తమ తర్వాతి అక్షరంతో చేయి కలుపుతాయి, ఆరు కలపవు. ఆ ఆరింటిలో మొదటిది అలిఫ్. 'అల్లాహ్' అన్న నామాన్ని చూడండి: అలిఫ్ ఒక్కటే నిటారుగా నిలుస్తుంది, రెండు లామ్‌లు, హా దాని పక్కనే కలిసి ఉంటాయి. ఆ ఒంటరి గీతలో సూఫీలు దైవ ఏకత్వాన్ని దర్శించారు. తలపోయడానికి అది మంచి భావమే గాని, విశ్వాస సూత్రం కాదు. పిల్లలకు ఈ తేడా చెప్పి తీరాలి.

క్రీ.శ. 940లో మరణించిన ఇబ్ను ముఖ్లా బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల మంత్రి. కలం మొన వేసే చుక్కతో ఆయన అలిఫ్ ఎత్తును కొలిచాడు. ఆ అలిఫ్ వ్యాసంగా గీసిన వలయంతో తక్కిన అక్షరాలకు కొలత కట్టాడు. అంటే ఖత్తాతీలో అందం ఇష్టం వచ్చిన వంపు కాదు, కొలతకు లోబడడం. గోల్కొండ వద్ద, 1543లో మరణించిన సుల్తాన్ కులీ సమాధి నల్లరాతిపై చెక్కిన అక్షరాలను నిదానంగా చూడండి. ఉలి కూడా కలం నడకనే అనుసరించింది.

మన ఇళ్లలో బంగారు చట్రాల్లో వేలాడే ఆయతుల్లో ఎన్నింటిని మనం చదవగలం? తుగ్రా శైలిలో అక్షరాలు పెనవేసుకుని ఉంటాయి, చదవడం కష్టమే. అయితే కొనేముందు అందులో ఏముందో అడగవచ్చు కదా! గోడ మీది ఆయతు తాయత్తు కాదు.

ఆ ఫ్లెక్సీలో బిస్మిల్లాహ్ ఉన్న భాగాన్ని కత్తిరించి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాళ్లు పడని చోట పాతిపెట్టాము. వచ్చే సభకు పిల్లలే వెదురు కలంతో అట్ట మీద రాస్తున్నారు. ఆ పాపకు అలిఫ్ కుదిరింది. మీమ్ ఇంకా కుదరలేదు.