ఫోలిక్ యాసిడ్: ప్రెగ్నెన్సీ తెలిశాక కాదు.. ముందే మొదలుపెట్టాలి.. ఆ 28 రోజులు ఎందుకంత కీలకం?

పెళ్లయిన కొన్నాళ్లకే ఇంట్లో పెద్దవాళ్లు 'విశేషం ఏమైనా ఉందా?' అని అడగడం మొదలుపెడతారు. విశేషం ఉందని తెలిశాకే చాలామంది డాక్టర్ దగ్గరకు వెళ్తారు. అప్పుడు రాసిచ్చే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కానీ బిడ్డ మెదడు, వెన్నుపామును కాపాడాల్సిన టైమ్ అప్పటికే దాటిపోయి ఉండొచ్చు. అందుకే గర్భం కోసం ప్రయత్నించే రోజుల నుంచే ఈ మాత్ర వేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ 28 రోజుల్లో ఏం జరుగుతుంది?

బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక సన్నని గొట్టంలా తయారవుతాయి. దీన్నే న్యూరల్ ట్యూబ్ అంటారు. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఇది పూర్తిగా మూసుకోవాలి. పైభాగం మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. అలాంటి బిడ్డ బతకడం సాధ్యం కాదు. కింది భాగం మూసుకోకపోతే వచ్చేది స్పైనా బైఫిడా. తీవ్రంగా ఉంటే కాళ్లు చచ్చుబడటం, మూత్రంపై కంట్రోల్ లేకపోవడం లాంటి సమస్యలు జీవితాంతం ఉంటాయి.

లెక్క ఇదీ..

28 రోజులకోసారి పీరియడ్ వచ్చే మహిళనే తీసుకుందాం. పీరియడ్ మిస్సయ్యే రోజుకే గర్భం నిలిచి దాదాపు రెండు వారాలు అయిపోతుంది. మిగిలింది ఇంకో రెండు వారాలే. టెస్ట్ చేసుకుని, ఇంట్లో చెప్పి, హాస్పిటల్‌కు వెళ్లేసరికి అవి కూడా గడిచిపోతాయి. ఆ తర్వాత లోపం ఉందని తెలిసేది చాలాసార్లు ఐదో నెల టిఫా స్కాన్‌లోనే.

పరిశోధనలో ఏం తేలింది?

బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో ఓ పెద్ద పరీక్ష చేసింది. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన 1,817 మంది మహిళలు ఇందులో పాల్గొన్నారు. కొందరికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మొత్తం 27 మంది బిడ్డల్లో లోపం కనిపిస్తే.. ఫోలిక్ యాసిడ్ వేసుకున్న వాళ్లలో అవి 6 మాత్రమే, వేసుకోని వాళ్లలో 21. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. ఫలితం ఇంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను 1991లో ముందే ఆపేశారు.

ఎంత వేసుకోవాలి?

ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచి 12 వారాలు నిండేవరకు రోజూ 400 మైక్రోగ్రాములు. అంటే 0.4 మిల్లీగ్రాములు. మెడికల్ షాపుల్లో 5 మిల్లీగ్రాముల మాత్ర కూడా దొరుకుతుంది. అది దీనికి 12 రెట్లకు పైనే. ఆ డోసు అందరికీ కాదు. గతంలో ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు లాంటి వారికే డాక్టర్లు ఎక్కువ డోసు రాస్తారు. ఫిట్స్ మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రల్లోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కదా అనుకుంటారు. ఉంటుంది.. కానీ ఆ మాత్రలు రక్తహీనత రాకుండా నాలుగో నెల నుంచి ఇచ్చేవి. న్యూరల్ ట్యూబ్ మూసుకునేది రెండో నెలలోనే.

ఆకుకూరలు తింటే సరిపోదా?

పాలకూర, పెసలు, శనగల్లో ఫోలేట్ ఉంటుంది. తినడం మంచిదే. కానీ ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది. అందుకే తిండితో పాటు మాత్ర కూడా అవసరం.

తల్లిని తప్పుపట్టొద్దు

మాత్ర వేసుకున్నా అన్ని కేసులూ ఆగవు. జన్యుపరమైన కారణాలూ ఉంటాయి. గ్రహణం చూసినందుకు ఇలా జరిగిందనే మాటలో నిజం లేదు. ఒకసారి ఇలా జరిగితే, మళ్లీ గర్భం దాల్చకముందే భార్యాభర్తలిద్దరూ డాక్టర్‌ను కలవడం ముఖ్యం. పెద్దవాళ్లు కూడా 'విశేషం ఉందా?' అని అడిగే ముందు 'మాత్ర వేసుకుంటున్నావా?' అని అడిగితే ఎంతో మేలు.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. ఏ మందైనా డాక్టర్ సలహాతోనే వాడాలి.)