‘ఫైవ్ ఇంటూ త్రీ’ అంటే అమెరికాలో ఎంత?

ఈ వారం ఎపిసోడ్ టీఏ ఉద్యోగం కోసం ఇచ్చే ఇంగ్లిష్ స్పీకింగ్ పరీక్ష గురించి. ఆడియోలో గబగబా దాటేసిన సంగతులు ఇక్కడ కాస్త నింపాదిగా రాస్తున్నాను.

టీఏ అంటే టీచింగ్ అసిస్టెంట్. మామూలుగా వారానికి 20 గంటల పని. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో అంతకుమించి చేయడానికి ఎలాగూ వీల్లేదు. దానికి బదులుగా చాలాచోట్ల ట్యూషన్ ఫీజు మాఫీ, పైన నెలనెలా స్టైపెండ్. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు. ఆ ఉద్యోగానికి అడ్డం పడేది ఒక్కోసారి కాసేపు మాట్లాడే ఈ చిన్న పరీక్షే.

“టోఫెల్ రాసే కదా వచ్చాం, మళ్ళీ ఇదేంటి?” అని నాకూ ఒళ్ళు మండింది. దీని వెనక కథ ఉంది. 1980లలో ఇక్కడి డిగ్రీ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు “మా టీఏ చెప్పేది అర్థం కావట్లేదు” అని గొడవ పెట్టారు. దాంతో కొన్ని రాష్ట్రాలు చట్టాలే చేశాయి. పెన్సిల్వేనియా చట్టం 1990లో వచ్చింది. యూనివర్సిటీలు సొంత పరీక్షలు తయారుచేసుకున్నాయి. పర్‌డ్యూలో ఓఈపీటీ అని, కంప్యూటర్ ముందు కూర్చుని మైకులో మాట్లాడాలి. యూసీఎల్ఏలో టాప్ అని, అందులో డిగ్రీ విద్యార్థులే ఎదురుగా ఉండి ప్రశ్నలడుగుతారు. అంటే అక్కడ చూసేది మన ఇంగ్లిష్ ఎంత గొప్పదని కాదు, పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి మనం చెప్పేది అందుతోందా లేదా అని.

ఇది అర్థం కాక మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు, అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోవడం. నాలుక మడత పెట్టి ‘ర’ని సాగదీస్తే మార్కులు రావు. యాస ఉండటం తప్పు కాదు. మాటలో ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తకపోతేనే చిక్కు. తెలుగులో అన్ని అక్షరాలూ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పైకి లేస్తుంది, మిగతావి అణుగుతాయి. వినేవాడు ఆ లేచిన అక్షరాన్ని పట్టుకునే మాటని గుర్తుపడతాడు. మనం ‘పారా-మీటర్’ అంటాం, వాళ్ళకి అది ‘ప-ర్యా-మిటర్’, ఒత్తు ‘ర్యా’ మీద. ‘కాంపొనెంట్’ అని మనం మొదట్లో ఒత్తుతాం, వాళ్ళు ‘పో’ మీద ఒత్తుతారు. ‘డెవలప్’లో ఒత్తు ‘వె’ మీద పడాలి. ‘డిటర్‌మైన్’ కాదు, ‘డిటర్మిన్’. నేను మొదటిసారి పరీక్ష తప్పినప్పుడు ఇచ్చిన కాగితంలో గ్రామర్ గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా ఇలాంటి మాటల జాబితానే. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో రోజూ వాడిన మాటలే అన్నీ!

రెండోది మన వేగం. భయం వేస్తే మనకి మాట ఆగదు. ఎంత వేగంగా మాట్లాడితే అంత ఫ్లూయెంట్ అని ఎవరు నేర్పారో గానీ, వినేవాడికి మాటలన్నీ కలిసిపోయి ఒకే ముద్దలా వినిపిస్తాయి. అర్థం పూర్తయిన చోట ఒక్క క్షణం ఆగండి. ఆగితే మర్చిపోయారని ఎవరూ అనుకోరు.

ఇక లెక్కల మాటలు. అసలు ప్రమాదం ఇక్కడుంది, ఎందుకంటే ఇవి తప్పని మనకి అనుమానం కూడా రాదు. ‘ఫైవ్ ఇంటూ త్రీ’ అంటే మనకి 15. ఇక్కడి పిల్లాడికి అది మూడుని ఐదుతో భాగించమన్నట్టు వినిపిస్తుంది. ‘ఫైవ్ టైమ్స్ త్రీ’ అనండి. ‘జెడ్’ని ‘జీ’ అనండి, ‘హెచ్’ని ‘ఎయిచ్’ అనండి. లక్షలు, కోట్లు మర్చిపోండి. క్లాసులో ‘ఎనీ డౌట్స్?’ అని అడక్కండి. డౌట్ అంటే వాళ్ళకి నమ్మకం లేకపోవడం, ‘ఎనీ క్వశ్చన్స్?’ చాలు. పరిచయంలో ‘మైసెల్ఫ్ ఫలానా’ వద్దు, ‘ఐ యామ్ ఫలానా’ అనండి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అంటే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారని అర్థం.

అమీర్‌పేట కోచింగ్‌లో బట్టీ పట్టించిన ‘ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్’ లాంటి ఎత్తుగడలు ఇక్కడ దండగ. ప్రశ్న ఏదైనా ఒకటే మొదలు పెడితే, బట్టీ అని వినేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. పైగా అసలు విషయానికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. టోఫెల్ కూడా 2026 జనవరి నుంచి మారింది. స్పీకింగ్‌లో ఇంటర్వ్యూ భాగం పెట్టారు, ఒక్కో ప్రశ్నకి 45 సెకన్లు, ఆలోచించుకోడానికి విడిగా టైమ్ లేదు. టెంప్లేట్ వెతుక్కునే లోపు సగం గడిచిపోతుంది. మొదటి వాక్యంలోనే జవాబు చెప్పేసి, తర్వాత కారణం, ఒక ఉదాహరణ చెప్పండి.

ఎదురుగా మనిషి ఉండే పరీక్షలో ప్రశ్న అర్థం కాకపోతే తల ఊపేసి ఏదో ఒకటి చెప్పకండి. “ఆర్ యూ ఆస్కింగ్ వై దిస్ ఈజ్ నెగెటివ్?” అని తిరిగి అడగొచ్చు. టీఏ చేయాల్సిన పని కూడా అదే కాబట్టి మార్కులు తగ్గవు. మనమేమో చిన్నప్పటి నుంచి, తెలియదంటే మాస్టారు తిడతారని భయపడి పెరిగాం.

పరీక్షకి ముందు ఒక పని చేయండి. మీ సబ్జెక్టులో మొదటి ఏడాది పాఠం ఒకటి తీసుకుని, మూడు నిమిషాలు చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేయండి. మర్నాడు వినండి. మీ సబ్జెక్టు కాని అమెరికన్ ఎవరైనా, రూమ్మేట్ గానీ ల్యాబ్‌లో తెలిసినవాళ్ళు గానీ వింటే ఇంకా మంచిది. వాళ్ళు ఎక్కడ మొహం చిట్లిస్తారో ఆ మాట రాసుకోండి. అలా 30 మాటలు పోగుచేసి ఒత్తు సరిచేసుకుంటే చాలా మార్పు కనిపిస్తుంది.

తప్పితే? కంగారు పడకండి. పర్‌డ్యూ లాంటి చోట్ల తప్పినవాళ్ళ కోసమే సెమిస్టర్ కోర్సు ఉంటుంది. మీ యూనివర్సిటీలో ఏముందో, మళ్ళీ పరీక్ష ఎప్పుడో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి. ఈలోపు గ్రేడర్ పని, ల్యాబ్ పని లాంటి, క్లాసు ముందు నిలబడక్కర్లేని ఉద్యోగాలకి కూడా అప్లై చేయండి. నేను ఆగస్టులో తప్పాను, ఆ సెమిస్టరంతా గ్రేడింగ్ చేశాను, డిసెంబర్‌లో పాసయ్యాను.